భూవిమాన మార్గభ్రంశ శాస్త్రం

విమానాల మీద మనకొక శాస్త్రం ఉంది. 1918కీ 1923కీ మధ్య పండిత సుబ్బరాయశాస్త్రి గారు చెబుతుంటే రాసుకున్న వైమానిక శాస్త్రం అది. మూలకర్త భరద్వాజ మహర్షి అన్నారు. విమానం నడిపేవాడికి 32 రహస్యాలు తెలియాలని అందులో ఉంది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు అందులోని బొమ్మలూ కొలతలూ ముందేసుకుని లెక్కలు కట్టి, ఈ విమానాలు ఎగరవని తేల్చేశారు. సరే, ఎగరలేని విమానానికి నేల మీద నడక తప్ప వేరే గతేముంది? 32 రహస్యాల్లో కనీసం ఒక్కటి ఆ నడకకి, నడుస్తూ దారి తప్పడానికి కేటాయించి ఉంటే బాగుండేది. కేటాయించినట్టు నాకు కనిపించలేదు. ఆ కొరత తీర్చడానికే ఈ శాస్త్రం.

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు చెప్పుకోవడం ఆచారం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం టాక్సీయింగ్. అంటే విమానం నిలుచున్న చోటు నుంచి రన్‌వే దాకా, దిగాక రన్‌వే నుంచి మళ్ళీ నిలిచే చోటు దాకా చక్రాల మీద నడిచే నడక. ప్రయోజనం చివర్లో చెబుతాను, ముందే చెబితే ఎవరూ చదవరు. సంబంధం విమానానికీ నేలకీ మధ్య ఉండేది, ఇద్దరికీ ఇష్టం లేనిది. అధికారి, అంటే ఈ శాస్త్రం చెప్పడానికి అర్హుడు ఎవరన్నది మాత్రం కాస్త విస్తరించాల్సిన సంగతి.

నా నిర్ణయం ప్రకారం ఆ అర్హత తెనాలి, బాపట్ల, రేపల్లె వాస్తవ్యులకే ఉంది. టికెట్టు కొని ఎక్కే విమానాశ్రయం ఈ మూడు ఊళ్ళలో ఒక్కదానికీ లేదు కనక. విమానాశ్రయం ఉన్న ఊరివాడు నిత్యం చూసి చూసి కళ్ళు మూసుకుపోయిన మనిషి. లేని ఊరివాడే నిష్పక్షపాతి. పైగా నేల మీద దారి తప్పడంలో, తప్పించడంలో మావైపు వాళ్ళకి తరతరాల సాధన ఉంది. గన్నవరం వెళ్ళి విమానం ఎక్కేది ఎప్పుడో ఒకసారి. దారి చెప్పేది రోజూ.

ఇక సూత్రం. గగనే న భ్రమః, ప్రాంగణే తు భ్రమః. ఆకాశంలో దారి తప్పడు, వాకిట్లో తప్పుతాడు అని భావం. సూత్రం నాదే. సంస్కృతంలో చెబితే తప్ప శాస్త్రమని మనవాళ్ళు నమ్మరు.

వ్యాఖ్యానం: పైకి లేచాక పైలట్‌కి దారి చూపించేవాళ్ళు ఎందరో. ఉపగ్రహాలున్నాయి, జడత్వం లెక్కగట్టి తానెక్కడున్నదీ తానే చెప్పుకునే యంత్రాలున్నాయి, రన్‌వే మధ్యగీతకి సూటిగా దించే రేడియో కిరణాలున్నాయి. చక్రాలు నేలని తాకి, వేగం తగ్గి, పక్కదారిలోకి మళ్ళే సమయానికి ఈ బలగంలో చాలామంది సెలవు తీసుకుంటారు. మిగిలేవి ఒక పటం, ఒక కిటికీ, రెండు జతల కళ్ళు. ముందు చక్రాన్ని తిప్పడానికి చేతికింద టిల్లర్ అనే చిన్న పిడి ఉంటుంది. చెవిలో టవర్ వాళ్ళ మాట వినిపిస్తూ ఉంటుంది: ఆల్ఫా మీదుగా రండి, బ్రావో దగ్గర ఎడమకి తిరగండి, రన్‌వే 26కి ఇవతలే ఆగండి. సముద్రాలు దాటొచ్చిన మనిషికి అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. కొన్ని కొత్త విమానాల్లో తెరమీద కదిలే పటం కనిపిస్తుంది. దానివల్ల ఈ శాస్త్రానికి కొంత నష్టం జరిగే ప్రమాదం ఉంది.

ఇతర దేశాల పండితులు ఈ పొరపాట్లని ఏవో అంకెలతో అక్షరాలతో విభజించుకున్నారు. నేను ఊళ్ళతో విభజిస్తున్నాను. దోషాలు మూడు: తెనాలి దోషం, రేపల్లె దోషం, బాపట్ల దోషం.

తెనాలి దోషం అంటే దారులు ఎక్కువై తప్పడం. తెనాలి జంక్షన్ నుంచి పట్టాలు నాలుగు వైపులకి పోతాయి: విజయవాడకి, గుంటూరుకి, రేపల్లెకి, బాపట్ల మీదుగా చీరాలకి. ఊళ్ళో మూడు కాలవలు పారతాయి. దారి అడిగితే పెద్దాయన ఇలా సెలవిస్తాడు: "తిన్నగా పో నాయనా. కాలవ వస్తది. వంతెన దాటినాక ఎడంచేతి పక్కకి తిరుగు. అక్కడ ఎవర్నడిగినా చెబుతారు." ఇందులో ఒక్క మాటా అబద్ధం లేదు. కాలవ వస్తది. ఏ కాలవన్నది ఆయన చెప్పలేదు, మనం అడగలేదు. మూడింటికీ వంతెనలున్నాయి, ప్రతి వంతెనకీ ఎడంచేతి పక్క ఉంటుంది.

విమానాశ్రయంలో సరిగ్గా ఇదే పరిస్థితి రాకూడదని లోకమంతా కలిసి ఎన్ని జాగ్రత్తలు పడిందో చూడండి. దారులకి ఊరిపెద్దల పేర్లు పెట్టకుండా ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు. వాటిలోనూ ఐ, ఓ, ఎక్స్ వాడకూడదన్నారు. ఐ ఒకటి అంకెలా, ఓ సున్నాలా కనబడుతుందని భయం. ఎక్స్ గీస్తే దారి మూసేశారన్న గుర్తు. పలకలకీ రంగులున్నాయి. నల్లపలక మీద పసుపు అక్షరం ఉంటే నువ్వు ఇక్కడ ఉన్నావని. పసుపుపలక మీద నల్ల అక్షరం ఉంటే దారి అటని. ఎర్రపలక మీద తెల్ల అక్షరం ఉంటే అనుమతి లేకుండా అడుగు ముందుకెయ్యకు అని. రాత్రిళ్ళు నడిచేదారి మధ్యగీత మీద ఆకుపచ్చ దీపాలు, అంచుల్లో నీలం దీపాలు, ఆగాల్సిన చోట అడ్డంగా ఎర్రదీపాలు. చార్టుల్లో ఎక్కువమంది పొరబడే చోట్లకి గుండ్రం చుట్టి హాట్‌స్పాట్ అని పేరు పెట్టారు. ఇంత చేశాక కూడా తప్పేవాడు తప్పుతున్నాడు. పెద్దాయన చెప్పిన చివరి మాట అక్కడ చెల్లకపోవడమే కారణమని నా పరిశోధన. టాక్సీవే మలుపులో అరుగు ఉండదు, అరుగు మీద ఎవరూ ఉండరు. అక్కడ ఎవర్నడగాలి?

రేపల్లె దోషానికొద్దాం. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయే రైలు మార్గం రేపల్లెలో ఆగిపోతుంది. అవతలికి పట్టాలు లేవు. రైలు కాబట్టి సరిపోయింది, ఇంజను ఇటు విప్పి అటు తగిలించుకుని వచ్చేస్తుంది. ప్రయాణికుల విమానానికి ఆ సౌకర్యం లేదు. తనంతట తాను వెనక్కి నడిచే అలవాటు దానికి లేదు, ట్రాక్టరు లాంటి బండి వచ్చి ముక్కుపట్టుకుని నెట్టాలి. కాబట్టి మలుపు దాటిపోయి చివరికంటా వెళ్ళి నిలబడిపోవడం రేపల్లె దోషం.

దీనికి ప్రమాణం ఉంది. 2024 ఫిబ్రవరి 11న అమృత్‌సర్ నుంచి ఢిల్లీ వచ్చిన ఇండిగో ఎయిర్‌బస్ విమానం ఒకటి దిగాక తిరగాల్సిన టాక్సీవే దాటిపోయి రన్‌వే చివరికి చేరింది. దాదాపు పావుగంట ఆ రన్‌వే మీద మరో విమానానికి చోటు లేదు. చివరికి బండి వచ్చి దాన్ని లాక్కుపోయింది. ఢిల్లీ పత్రికలు ఈ సంఘటనకి ఏవేవో పేర్లు పెట్టాయి. ఆ విమానం రేపల్లె చేరిందని ఒక్క ముక్కలో రాసి ఉంటే మావైపు అందరికీ అర్థమయ్యేది. ఇందులో రేపల్లె వారికి అవమానమేమీ లేదు. దిగేవాడికి అది గమ్యం. అక్కడ దిగాల్సినవాడు కాకపోతేనే చిక్కు.

ఇక బాపట్ల దోషం. ఇది మూడింటిలోకీ గహనమైనది. ఏది రోడ్డు, ఏది రన్‌వే, ఏది పక్కదారి అన్న వివేకమే చెడిపోవడం దీని లక్షణం. బాపట్ల పేరు ఎందుకంటే, ఆ జిల్లాలో ప్రభుత్వమే ఆ భేదాన్ని చెరిపేసింది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు వేసి, అత్యవసరమైతే విమానాలు దిగడానికి సిద్ధం చేశారు. 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలు వచ్చి కిందికంటా వంగి చూసి దిగకుండానే పోయాయి. మావైపు పెళ్ళిచూపులకొచ్చి మళ్ళీ కబురు చేస్తామన్నట్టుంది వ్యవహారం. కబురు నిజంగానే వచ్చింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు ఆ రోడ్డు మీద దిగి, మళ్ళీ ఎగిరాయి. సుఖోయ్, హాక్ యుద్ధవిమానాలు దిగినంత పనిచేసి లేచిపోయాయి. ఆ కాసేపు చెన్నై–కోల్‌కతా రహదారి మీద లారీల డ్రైవర్లు దారి మళ్ళారు, పైలట్లు దారి తప్పలేదు. ఇది తెలిసి చేసిన పని.

తెలియక చేసినవి వేరే ఉన్నాయి. 1972 సెప్టెంబరు 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 బొంబాయి శాంతాక్రజ్‌లో దిగబోయి పక్కనున్న చిన్న జుహూ విమానాశ్రయంలో దిగింది. 2018 సెప్టెంబరు 7న తిరువనంతపురం నుంచి మాలే వెళ్ళిన ఎయిరిండియా విమానం ఇంకా కడుతున్న రన్‌వే మీద దిగింది. 2017 జూలై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా విమానం రన్‌వే అనుకుని టాక్సీవే మీదకి వచ్చింది. అక్కడ నాలుగు విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి. చివరి క్షణంలో పైకి లేచింది గానీ, అప్పటికి నేలకి 60 అడుగుల దాకా వచ్చేసింది. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ తిరుపతి దగ్గర పొలంలో దిగడం మనవాళ్ళందరికీ గుర్తే. తెలుగు సినిమావాళ్ళు చాలామంది అందులో ఉన్నారు, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. దాన్ని మాత్రం ఈ దోషం కింద వేయడానికి వీల్లేదు. పొలమని తెలిసే దిగారు.

ఇప్పుడు శాస్త్రంలో అన్నిటికన్నా చిక్కైన అధికరణం, మన సొంత ఉదాహరణ. 2021 ఫిబ్రవరి 20, శనివారం. దోహా నుంచి 64 మందితో వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ విమానం గన్నవరంలో దిగింది. ఎడారి దాటింది, అరేబియా సముద్రం దాటింది, దక్కన్ దాటింది. మూడువేల కిలోమీటర్లకి పైగా వచ్చిన మనిషి ఇంటి గుమ్మంలో బోర్లాపడినట్టు, నిలిపే చోటుకి నడిచివెళుతూ అక్కడున్న దీపస్తంభానికి రెక్క తగిలించింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ వచ్చింది. స్తంభం అనగానే మనవాళ్ళకి ప్రహ్లాదుడి కథ గుర్తొస్తుంది గానీ, ఇందులోంచి నరసింహస్వామి రాలేదు.

ఈ సంఘటన ఏ దోషమన్న విషయంలో మూడు సంప్రదాయాలకీ పడదు. తెనాలి సంప్రదాయం పూర్వపక్షం చేస్తూ ఇలా అంటుంది: విమానం కదిలేది, స్తంభం కదలనిది. కదలని దానికి తాను ఎక్కడున్నదీ నిస్సందేహంగా తెలుసు. కనక దోషం పూర్తిగా కదిలిన దానిదే. ఒక గీత మీద నడవాల్సినది ఏ గీత మీద నడిచిందన్నదే ప్రశ్న, అందుచేత ఇది తెనాలి దోషం. రేపల్లె సంప్రదాయం దీన్ని ఖండిస్తుంది: ప్రమాదం జరిగింది ప్రయాణం ఆఖర్న. ఆఖరు మాది. బాపట్లవారు ఇద్దర్నీ తోసిపుచ్చి, స్తంభం ఉండాల్సింది రోడ్డు పక్కన కాబట్టి స్తంభం ఉన్నచోటల్లా రోడ్డు ఉన్నట్టే, విమానం రోడ్డు మీదకి వచ్చినట్టే, కనక మా దోషమే అంటారు. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిపిన ఊరు. సభలో గెలిచే వాదన ఎలా చెయ్యాలో వాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

సిద్ధాంతం ఏమిటంటే, ఇది మూడూ కాదు. దారి తప్పడం వేరు, ఒళ్ళు మరవడం వేరు. బోయింగ్ 737-800 రెక్కల కొసల మధ్య దూరం 36 మీటర్లకి కాస్త తక్కువ. పైలట్ కూర్చునేది ముక్కులో. రెక్కలు ఎక్కడో వెనకాల. పెద్ద విమానాల్లో కొసలు కాక్‌పిట్‌లోంచి కనబడనే కనబడవు. అందుకే నేల మీద గీసిన పసుపు గీతని నమ్మాలి, ఎదురుగా నిలబడి చేతులు ఊపే మార్షలర్‌ని నమ్మాలి, ఇరుకుచోట్ల రెక్క పక్కన నడుస్తూ చూసే మనిషిని నమ్మాలి. 2024 మార్చి 27న కోల్‌కతాలో ఒక ఇండిగో విమానం నడుస్తూ, రన్‌వే అనుమతి కోసం నిలబడి ఉన్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్కకి తన రెక్క రాసింది. ఆగి ఉన్న దాని తప్పేమీ లేదు. బస్సులో పక్కసీటువాడి మోచెయ్యి తగిలినవాళ్ళందరూ ఈ అధికరణాన్ని వ్యాఖ్యానం లేకుండానే గ్రహించగలరు. దీనికి ఊరి పేరు పెట్టలేదు. పెట్టబోతే మూడు ఊళ్ళూ వద్దన్నాయి.

ఒక చోట మాత్రం ఈ శాస్త్రం పరిహాసం మానుకోవాలి. 2001 అక్టోబరు 8, ఇటలీలో మిలాన్ లినాటే విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. చిన్న సెస్నా జెట్‌ని ఆర్-5 దారిలో వెళ్ళమన్నారు, అది ఆర్-6లోకి వెళ్ళింది. ఆ దారి రన్‌వే మీదకి పోతుంది. అదే సమయంలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఎగరడానికి పరిగెత్తుకొస్తోంది. 118 మంది చనిపోయారు. నేల మీద కదలికలు చూపించే రాడార్ అక్కడ పనిచేయడం లేదు. దారుల గుర్తులు సరిగా లేవు. తానెక్కడున్నదీ పైలట్ చెప్పిన మాటకీ టవర్‌లో ఉన్నవాళ్ళ మనసులో ఉన్న బొమ్మకీ పొంతన లేదు. అయిదుకీ ఆరుకీ తేడా ఒకటే, అయితే ఆ తేడా పట్టుకోవాల్సిన ఏర్పాట్లు ఒక్కటీ ఆరోజు పనిచెయ్యలేదు. 1977 మార్చి 27న టెనెరీఫ్‌లో రెండు జంబోలు ఢీకొని 583 మంది పోయిన రోజునా పొగమంచే. రన్‌వే మీంచి మూడో దారిలోకి తప్పుకోమన్న పానామ్ విమానం ఆ మలుపు దాటి ముందుకి వెళుతూ ఉంది. అనుమతి రాకుండానే ఎగరబోయిన కేఎల్ఎమ్‌దే ప్రధానమైన తప్పు. అయినా ఆ మలుపు దగ్గర తప్పుకుని ఉంటే అన్న ఊహని ఎవరూ ఆపుకోలేరు.

దోష నిరూపణ అయింది కనక ప్రాయశ్చిత్తం చెప్పాలి. విమానయాన లోకం రెండు మందులు కనిపెట్టింది. మొదటిది, చెప్పింది తిరిగి చెప్పడం. ఎటు వెళ్ళాలో టవర్ చెప్పగానే పైలట్ ఆ మాటలనే అప్పజెప్పాలి. తేడా ఉంటే వాళ్ళు అక్కడికక్కడే దిద్దుతారు. మావైపు ఈ పద్ధతి లేదు. దారి చెప్పినంతసేపూ "ఆఁ, ఆఁ" అని తలాడించి, రెండో వాక్యం దగ్గరే వినడం మానేసి, బండి స్టార్ట్ చేస్తాం. "ఏదీ, ఇందాక చెప్పింది ఒకసారి చెప్పు" అని పెద్దాయన అడిగితే తెనాలి బోసు రోడ్డులో సగం బళ్ళు కదలవు.

రెండో మందు అంతకన్నా చేదు. దారి అనుమానంగా ఉంటే ఆగు, ఆగి అడుగు. ఇదే నియమం. రన్‌వే మీద కాకపోతే ఉన్నచోటే ఆగి, నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదని రేడియోలో చెప్పాలి. అప్పుడు టవర్ వాళ్ళు ఒక్కొక్క మలుపూ చెబుతూ నడిపిస్తారు, లేదా వీపు మీద నా వెంట రమ్మని రాసుకున్న జీపు పంపిస్తారు. మందు ఎందుకు చేదంటే, ఆ మాట ఆ తరంగం మీద ఉన్న పైలట్లందరికీ వినిపిస్తుంది. నాలుగు చారల చొక్కా వేసుకుని, సముద్రం దాటి వచ్చి, నలుగురూ వింటుండగా దారి తెలియదనడానికి గుండె కావాలి. దారి తప్పినవాళ్ళలో ఎక్కువమంది దారి తెలియనివాళ్ళు కారు, తెలుసనుకున్నవాళ్ళు. తెలియనివాడు ఆగుతాడు. తెలుసనుకున్నవాడికి ఎర్రపలక కూడా తనకి చెప్పిందిగా కనిపించదు.

మావైపు చిక్కు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అడిగేవాడికి సిగ్గు లేదు, చెప్పేవాడికే ఉంది. తెనాలిలోగానీ రేపల్లెలోగానీ దారి అడిగితే తెలియదన్న మనిషి తారసపడడం అరుదు. తెలియకపోయినా ఒక చెయ్యి చాపి చూపిస్తాడు. చూపించాక పక్కవాడు కాదంటాడు. ఇద్దరూ వాదించుకుంటారు. అడిగినవాడు మూడోవాణ్ణి వెతుక్కుంటాడు. మూడు నోళ్ళు కలిస్తే గానీ ఒక దారి తేలదు గానీ, మొత్తానికి ఇల్లు దొరుకుతుంది. టవర్‌లో మాట్లాడేది ఒకే గొంతు కావడం విమానాశ్రయాల లోపమని తెనాలి సంప్రదాయం వాదిస్తుంది. ఈ ఒక్క వాదనని నేను అంగీకరించను.

ఇక ముందు చెబుతానన్న ప్రయోజనం. ఈ శాస్త్రం పైలట్ల కోసం కాదు, వాళ్ళకి వాళ్ళ పుస్తకాలున్నాయి. ఇది గన్నవరంలోనో శంషాబాద్‌లోనో దిగే మనవాళ్ళ కోసం. చక్రాలు నేలని తాకిన మరుక్షణం బెల్టులు టకటకా ఊడతాయి, పై అరలు తెరుచుకుంటాయి, ఆవకాయ జాడీ ఉన్న సంచి తలకాయల మీదుగా కిందికి దిగుతుంది, ఇంకా నడుస్తున్న విమానంలో ఒక క్యూ తయారవుతుంది. అమ్మా, అయ్యా, దయచేసి కాసేపు కూర్చోండి. బెల్టు దీపం ఆరేదాకా విప్పకండి, పై అర తెరవకండి. గన్నవరంలో ఆ విమానం స్తంభానికి తగిలింది గాల్లో ఉండగా కాదు, దిగిన తర్వాత.